చుట్టం

పాము రాకముందే పుట్ట కట్టాలట.
బెవర్లీ రోడ్డు చివరి షాపులో బెథనీ చెప్పింది,
ముక్కుకి రెండు రింగులు, మెడ మీద తేలు పచ్చబొట్టు,
నా కోసం తన హల్ యాసని కాస్త నెమ్మది చేసి:
"ముందు ఇల్లు. వారం రోజులు ఖాళీగా వేడెక్కనీ.
తర్వాతే పాము."

మా అక్క పెళ్ళికి కూడా
విడిది ఇంత ముందుగా సిద్ధం చెయ్యలేదు మేము.

నాలుగడుగుల చెక్కపెట్టె, జారే అద్దాలు.
కుడివైపు ముప్పై రెండు డిగ్రీలు,
ఎడమవైపు ఇరవై ఐదు.
అటొకటి ఇటొకటి, అచ్చం ఒకేలాంటి గూళ్ళు.
ఒక్కటే ఉంటే
వెచ్చదనం కావాలా, దాక్కునే చోటు కావాలా అని
తేల్చుకోలేక చిక్కిపోతుందట పిచ్చిది.
ఆ మాట దగ్గర కొంచెంసేపు ఆగిపోయాను,
చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది.

కొబ్బరిపొట్టు ఇటుక బకెట్లో నానేసరికి
గదంతా వానకి తడిసిన కోనసీమ వాసన.

నా పని కోల్డ్ స్టోరేజీలో.
మైనస్ ఇరవై రెండులో బఠానీ సంచులు, చేపల పెట్టెలు,
వెనక్కొస్తూ ఫోర్క్‌లిఫ్ట్ వేసే కూత.
ఎనిమిది గంటల తర్వాత బయటికొస్తే
హంబర్ గాలి కూడా గోరువెచ్చగా తగుల్తుంది.
ఇంట్లో కరెంటు కార్డు మీద కొనుక్కోవాలి.
పది పౌన్లు. నా గదికా, దాని పెట్టెకా?
మొదటి వారంలోనే తేలిపోయింది.
కోటు విప్పకుండానే టీ తాగుతున్నాను.

శనివారం దిండు గలీబులో వచ్చింది.
పప్పు తూచే గిన్నెలో, వంటింటి త్రాసు మీద
నాలుగువందల ముప్పై గ్రాములు.
నల్లరేగడి మీద బెల్లంపాకం ఒలికినట్టు ఒళ్ళు.
ఇక్కడ రాయల్ పైథాన్ అంటారు, సముద్రం అవతల బాల్ పైథాన్.
ఈ మహారాజు నన్ను చూడగానే
తల లోపల దాచుకుని బంతైపోయాడు.
పడగ లేదు, బుస లేదు.
పాము పగ అని మనవాళ్ళు దేన్ని చూసి అన్నారో!
చుట్ట అని పేరు పెట్టాను.
రెండోరోజుకి నోట్లో అది చుట్టమైంది.

అక్క ఫోన్లో అడిగింది: పాలు పోస్తున్నావా?
తాగదక్కా.
పోనీ గుడ్డు?
ముట్టదు.
మరి ప్రతి చవితికీ మనం పోసినవన్నీ?
అటూ ఇటూ కాసేపు మాటల్లేవు.
పుట్ట తాగేసుంటుందిలే, అంది.

ఫ్రీజర్లో కరివేపాకు పొట్లం పక్కన
ఎలుకపిల్లల పొట్లం.
ఒకదాన్ని రాత్రంతా కరగనిచ్చి, వేడినీళ్ళలో వెచ్చజేసి,
పట్టకారుతో పట్టుకుని ఆడించాలి, ప్రాణమున్నట్టు.
పగలంతా చచ్చినవాటిని గడ్డకట్టించే చేతులు
రాత్రికి ఒకదానిచేత బతుకు నటింపజేస్తున్నాయి.

తల తిప్పేసుకుంది.
రెండోవారం కూడా. మూడోవారం కూడా.
కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అంటారు.
ఇక్కడ ఎవరికీ కోపం లేదు, ఆకలీ లేదు.

"కొత్త చోటు కదా," అంది బెథనీ.
"అద్దానికి గుడ్డ కప్పు. ముట్టుకోకు. మాటిమాటికీ చూడకు."
పాత యూనిఫారం చొక్కా కప్పాను.

ఈ ఊరొచ్చిన కొత్తలో
పదకొండు రోజులు బ్రెడ్డూ పంపునీళ్ళే.
పక్కగది పోలెండు ముసలాయన
తలుపు బయట సూపుగిన్నె పెట్టి, తట్టకుండా వెళ్ళిపోయేవాడు.
తినేవాణ్ణి, ఆయన తలుపు చప్పుడు విన్నాకే.
పేరు ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు.

అయిదోవారం, గురువారం.
ఎలుకని వెచ్చటి గూటి గుమ్మంలో వదిలి
దీపం ఆర్పి, కోటుతోనే పడుకున్నాను.
ఎప్పుడో చిన్న చప్పుడు, తడిగుడ్డ నేలన పడ్డట్టు.
చొక్కా చెయ్యి ఎత్తి చూశాను.
మూడు చుట్ల మధ్య తోక ఒక్కటే మిగిలింది,
నిదానంగా అదీ.
నాకు తెలీకుండానే నేనూ గుటక వేశాను.

రెండురోజులు ముట్టుకోకూడదు. ముట్టుకోలేదు.
మూడోరోజు సాయంత్రం చెయ్యి పెట్టాను.
నా వేళ్ళ చల్లదనం దగ్గర ఆగింది,
నాలుకతో ఒకటికి రెండుసార్లు అడిగింది,
మణికట్టు దాటి, మోచెయ్యి దాటి
కోటు లోపల, చంకలో,
ఏ థర్మోస్టాటూ లేనిచోట చుట్టుకుంది.

మీటర్లో పౌను పదకొండు పెన్నీలు.
షాపు మూసేలోగా వెళ్ళి కార్డు నింపాలి.
లేవాలి.
లేవలేదు.