కాటా కొక్కానికి తీగ

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ వెనక షెడ్డులో
మిరప తొడిమలు తీసే నైట్ షిఫ్టుకి
అమ్మ నన్నూ వెంటబెట్టుకెళ్ళేది.
ఇంట్లో నా పక్కన పడుకునేవాళ్ళు లేరు,
షెడ్డులో గోతాలున్నాయి.

కోరు ముక్కుకెక్కి తుమ్ముతుంటే
వాచ్‌మన్ కాలేషా తువ్వాలు తడిపి ముఖాన కప్పేవాడు.
దూరదేశాలన్నీ నేను విన్నది
ఆ తడిగుడ్డ కిందనించే.

రేడియోకి వెనక మూత లేదు,
సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి ఉండేది.
బ్యాటరీలు పగలంతా పిట్టగోడ మీద ఎండేవి, వడియాల్లాగా.
రాగితీగ ఒక కొస రేడియోకి,
ఇంకో కొస కాటా కొక్కానికి.
పగలు టిక్కీలు తూచే కొక్కెం
రాత్రి ఏం తూచేదో,
ముల్లు మాత్రం కదిలేది కాదు.

"పగటెండకి మాటలు మాడిపోతాయమ్మాయ్,
రాత్రయితే ఆకాశం గట్టిపడి
గోడలాగా తిప్పికొడుతుంది" అనేవాడు.
నేను పైకి చూసేదాన్ని.
రేకులు, బల్లులు.

కొలంబో పాట వచ్చేది
సముద్రంలో నడుముల్లోతున నడిచొస్తున్నట్టు,
ఒక చరణం మునిగి, ఒక చరణం తేలి.
రేడియోని జానెడు పక్కకి తిప్పితే పాట పోయి
ఎవరో అరబ్బీలో గబగబా చదివేవాడు.
కాలేషాకీ ఒక్క ముక్క తెలీదు,
అయినా పెద్దల మాట విన్నట్టు తలాడించేవాడు.

అమ్మవాళ్ళు తాలు ఏరేవాళ్ళు.
పాలిపోయిన కాయ వేలికి తగలగానే తెలిసిపోయేది,
చూడక్కర్లేదు.
కాలేషా కూడా అంతే,
చెవి ఆనించి, గుండీ వెంట్రుకవాసి తిప్పి,
గరగర ఒక కుప్ప, గొంతు ఒక కుప్ప.

ఆ ఏప్రిల్లో ఒకరోజు, తెల్లారుజామున,
కొత్త స్టేషనొకటి తగిలింది.
ఇంగ్లీషే, కానీ క్రికెట్టు ఇంగ్లీషు కాదు.
ఓవర్లు లేవు. వికెట్లు లేవు.
టక్కుమని కర్ర చప్పుడు,
వెంటనే రేకుల మీద వాన పడ్డట్టు జనం.
మధ్యమధ్యలో ఏదో పెట్టె వాయిస్తున్నారు.
"మన చర్చి హార్మోనీ కదే!" అంది అమ్మ.
ఆదివారం కూడా కాదు.

అప్పుడు రేడియోలోవాడు అన్నాడు: స్ట్రైక్.

చేటలు ఆగిపోయాయి.
కిలోకి ఐదు పైసలు పెంచమని
వీళ్ళు గేటు ముందు కూచుని అప్పటికి నెల.
రెండు రోజులు కూచున్నారు.
మూడో రోజు పిల్లల ముఖాలు చూసి లేచి పనిలోకొచ్చారు.

"ఎక్కడంట?" అడిగింది సామ్రాజ్యం.
"అవతలెక్కడో."
"ఆడోళ్ళేనా?"
"చెప్పేది మగోడు. చేసేదెవరో మరి."

స్ట్రైక్, అన్నాడు మళ్ళీ.
అమ్మ చేతిలో కాయ, తొడిమతోనే ఉండిపోయింది.
కాలేషా గుండీ మీంచి వేలు తీయలేదు,
తీస్తే స్టేషన్ జారిపోతుందని.
గరగర పెరిగింది, తగ్గింది,
మేస్త్రీ దగ్గు వినపడింది, ఎవరూ కదల్లేదు.

మూడోసారి అన్నాడు.
అంతే, వేలమంది ఒక్కసారి లేచి అరిచారు.
మా షెడ్డు దడదడలాడింది.
"చూశారా," అంది అమ్మ,
"మూడో రోజు కూడా లేవలేదు వాళ్ళు."

చాలా ఏళ్ళకి తెలిసింది నాకు,
అదొక ఆటని,
మూడు స్ట్రైకులైతే ఆడేవాడు
కర్ర ఈడ్చుకుంటూ వెళ్ళిపోతాడని.
అమ్మకి చెప్పలేదు.

ఇప్పుడు కాటా కరెంటుది, కొక్కెం లేదు.
కాలేషా లేడు. రేడియో ఎవరి అటక మీదుందో.
అమ్మ వేళ్ళు ఇప్పటికీ రాత్రిళ్ళు మండుతాయి,
గిన్నెడు మజ్జిగలో ముంచుకుని కూచుంటుంది.
మొన్న అలా కూచునే ఉన్నట్టుండి అడిగింది:
"వాళ్ళకి ఆఖరికి ఎంత పెంచారంటావే?"

పది పైసలన్నాను.

"పదేనా," అంది,
ఇంకో రోజు కూచుంటే బాగుండేదన్నట్టు.