ఏడున్నర

ఉప్పుటేటి గట్టున, మూడో నంబరు చెరువు తూము దగ్గర
తెల్లారి అయిదుంబావుకి
గొంతుక్కూర్చుని నాగిడి పోలయ్య
ఏటిలో వేలు ముంచి నోట్లో పెట్టుకుంటాడు.
"ఏడున్నర" అంటాడు.
నేను రిఫ్రాక్టోమీటరు వెలుగుకేసి ఎత్తి
ఒక కన్ను మూసి చూస్తాను.
ఏడున్నర.
నాకు జీతం ఈ గాజుముక్క చూసినందుకు,
ఆయనకి రాత్రి కాపలాకి.

మా కాలేజీ పుస్తకంలో ఉంది ఆయన నాలుక.
బుడిపెల గోడల్లో మొగ్గలు, ఒక్కో మొగ్గలో
వెల్లుల్లి రెబ్బల్లా ఒరుసుకున్న కణాలు,
కొసన సన్నటి బెజ్జం.
ఉమ్మిలో కరిగినదానికే లోపలికి దారి.
ఉప్పుకి తాళం లేదు,
పలక ఎత్తగానే ఏరు దూకినట్టు దూకేస్తుంది.
తీపికి మాత్రం రెండు రెక్కల తలుపు,
రెండూ ఉంటేనే అది తలుపు.
చేదుకి పాతికమంది కాపలా,
విషం ఏ వేషంలో వస్తుందో ఎవరికి తెలుసు?

"పాతికమందే!" అన్నాడు పోలయ్య,
"మరి నా చుట్టని ఒక్కడూ ఆపలేదేం పాపా?"

షెడ్డులో పిల్లికి ఆ మధ్య పూతరేకు పెట్టాం.
నెయ్యి నాకి, బెల్లం నేల మీద వదిలేసింది.
దాని తాతముత్తాతల కాలంలోనే
తీపి తలుపుకి ఒక రెక్క ఊడిపోయింది.
ఊడిందని దానికి తెలీదు.
ఎండలో పడుకుని మూతి తుడుచుకుంటోంది.

ఏటి అడుగున జెల్ల, చీకట్లో,
మీసం నుంచి తోక దాకా రుచి మొగ్గలే.
ఈదడమంటే దానికి ఒళ్ళంతటితో ఏటిని నాకడం.
రొయ్యకి రుచి కాళ్ళలో.
కొత్త మేత, చవక రకం, వచ్చిన రోజు
ట్రేలో కాలు పెట్టి, కాలు తీసి, వెళ్ళిపోయాయి.
ఓనరు పోలయ్య మీద అరిచాడు.
పోలయ్య రెండు గుళికలు నోట్లో వేసుకుని
నెమ్మదిగా నమిలి
"ఇందులో చేప లేదండి, తవుడండి" అని ఉమ్మేశాడు.

మే నెలలో భీమవరం డాక్టరు
ఆయనకి బీపీ బిళ్ళ మార్చాడు.
ఆవకాయ కలుపుకుని "ఏటిది, రాగిపైసా నాకినట్టుంది" అనేవాడట.
నాకు చెప్పలేదు.

ఆ పొద్దున వేలు ముంచాడు.
నోట్లో పెట్టుకుని, నీళ్ళకేసి కాదు,
నాకేసి చూశాడు.
"ఏడున్నర."
గాజులో నీలం గీత పదకొండు దగ్గరుంది.
రాత్రి పోటు బాగా లోపలికొచ్చింది.
"అవును తాతా" అన్నాను.
పుస్తకంలో అంకె వేసి, తూము పలక దింపాను,
ఊరికే దింపుతున్నట్టు.

గట్టు సగం నడిచాక అన్నాడు,
"పదకొండు రాశావు కదా.
ఏడుకి పెన్ను ఒంపు తిరుగుద్ది. నువ్వు రెండు గీతలు గీశావు.
నాకు అచ్చరం రాదు గానీ చప్పుడు తెలుద్ది."
నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
పాత బిళ్ళ చీటీ సంచిలోంచి తీసి నా చేతికిచ్చాడు.

రుచి కణం బతుకు పది రోజులట.
రాలేది రాలుతుంది, పుట్టేది అదే బెజ్జం కింద పుడుతుంది.
బిళ్ళ మార్పించి క్యాలెండరులో గీతలు పెడుతున్నాను.
నాలుగు. అయిదు.
కొత్తగా పుట్టినవాటికి
ఈ ఏటి లెక్కలు ఎవరు చెబుతారో పుస్తకంలో లేదు.

తొమ్మిదో రోజు తూము దగ్గర
ఆయన వేలు ముంచలేదు.
"మీటరు జేబులో పెట్టు. ముందు నువ్వు."
ముంచాను. ముందు బురద,
కుళ్ళిన తుంగ, డీజిలు,
వాటి వెనక ఎక్కడో సన్నగా తోసుకొస్తూ ఉప్పు.
"ఎనిమిది?"
పోలయ్య నవ్వలేదు.
చొక్కాకి వేలు తుడుచుకుని
ఏటి మీదకి వంగాడు.