ఐదో మెట్టుకు జరంత మీద

నలభై రెండేండ్లకు హార్మోనియం ముట్టిన.
అప్పటిదాంక నా చేతులకు తెలిసింది
రాగితీగె, వార్నిష్ వాసన, కాలిన మోటర్ల పేగులు.

హాలియాల మోటర్ వైండింగు షాపు నాది.
ఎడమకాలువ కింద నాట్లు పడ్డయంటే
మోటర్లు దవాఖాన ముందట లెక్క వరుస కడతయి.
స్విచ్చి ఏసి రెండు సుట్లు తిరగంగనే చెప్త,
బేరింగు పోయిందా, కాయిలు కాలిందా.
"గిది సంగీతం కాదా సారూ" అన్న ఓనాడు.

సర్వోత్తం సారుకు పుట్టుకతోనే ఉన్నది ఆ చెవి.
గ్లాసు కిందపడ్డా, డిపో బస్సు హారన్ కొట్టినా
అది ఏ మెట్టో అన్నం కలుపుకుంటనే చెప్పేటోడు.
"రాదమ్మా. ఏడేండ్ల లోపల పడాలె.
పెద్దయినంక వచ్చేది శ్రుతి గాదు, గుర్తు."

గుర్తే కానియ్ అనుకున్న.

షాపు పక్కన ట్రాన్స్‌ఫార్మర్.
ఇరవై ఏండ్లాయె, దాని గూంయ్‌ లోపల్నే
చాయ్ తాగిన, గిరాకీలతోని కొట్లాడిన, బిడ్డను జోకొట్టిన.
పెట్టె మీద వెతికితే దొరకలే అది.
ఐదో తెల్లమెట్టుకు జరంత మీద,
పక్క నల్లదానికి జరంత కింద,
రెండిండ్ల నడుమ సందుల నిలబడ్డట్టు.

అదే నా గుంజ. మిగతాయన్ని దానికే కట్టేసిన.

పొద్దుగాల ఎవ్వరితోని మాట్లాడకముందు
ముక్కుతోని ఐదోది తీసి
అప్పుడు పోయి పెట్టె తెరిచేదాన్ని.
ఉద్దెర బుక్కు ఎనక పేజీలల్ల రాసుకున్న:
సోమారం, కింద.
మంగళారం, మస్తు కింద, జరమొచ్చింది.
బేస్తారం, సరిగ్గ. నమ్మలే, మళ్ల సూసిన.
మా పనిపిల్లగాడు సైదులు అవి బాకీలనుకొని
ఓ రైతును అడిగి తిట్లు తిన్నడు.

మూడేండ్లు పట్టింది. వచ్చిందా అంటే, ఏమో.
సారుకు చెప్పినట్టు మెట్టు నాకు తన పేరు చెప్పదు.
కరెంటు పోయిన రాత్రి గూడ
నేనే లోపలికి నడిచిపోయి, గుంజ కాడ నిలబడి,
అడుగులు లెక్కపెట్టుకుంట వస్త.

మొన్న సారు ఆటోల పెట్టె ఏస్కొని వచ్చిండు.
"రీడ్లన్ని సగం మెట్టు మీదికెక్కినయి. తేమ పట్టిందా సూడు."
ఐదోది వత్తిన.
పెట్టె ఎక్కడుండాల్నో అక్కడే ఉన్నది.

వయసు మీద పడితే చెవి మెల్లగ జరుగుతదని
సారే చెప్పిండొకసారి, వాళ్ల గురువు సంగతి.
"రెండు రోజులు ఉంచి పోండ్రి" అన్న.

దుమ్ము తుడిచిన. తిత్తికి పట్టీ ఏసిన.
మొదట్ల గీకితే రీడు దిగుతది, నాకెరుకే.
సారు చెవికి సరిపోతది, ఊరి భజనకు తప్పుతది.
ఆకురాయి చేతిల పట్టుకొని చానసేపు కూసున్న.
పట్టుకొనే ఉన్న, అంతే.

మూడోనాడు సారు ఐదోది వత్తి కండ్లు మూసిండు.
ఎక్కువ తక్కువ అనలే.
"నీ గుంజ ఎక్కడన్నవే బిడ్డా?"

చెయ్యి పట్టుకొని కంచె కాడికి తీస్కపోయిన.
వైరు సాలలేదని సైదులు లోపల్నుంచి ఒర్లుతుండు.
"దీనికి జరంత కింద సారూ. ఇంకా. ఆఁ."
అందుకున్నడు,
తప్పు పేరుతోనే, సరైన సోట.

"దీని పేరు నా చెవుల వేరే ఉన్నదమ్మా" అన్నడు.
"ఉండనీయుండ్రి" అన్న.