గండి పూడ్చినవాళ్ళు

రిపోర్టు మీద నా పేరుంది:
కడలి సత్తిపండు, యాభై నాలుగు, పురుషుడు.
పుట్టినకాణ్ణుంచీ నాతోనే ఉన్న అవయవం పేరు మాత్రం
ఆవేళే మొదటిసారి విన్నాను.
క్లోమం.

కడుపు వెనకాల, వెన్నుకి ఆనుకుని
అడ్డంగా పడుకుని ఉంటుందట.
డాక్టర్ ప్రిస్కిల్లా కాగితం తిరగేసి
పెన్నుతో చిన్న కాలవ గీసింది.
"రసం ఇలా పారి, ఇదిగో, ఇక్కడ పేగులో కలవాలండి."
ముప్ఫయ్యేళ్ళుగా లాకుల మీద లస్కరుని,
నాకా కాలవ బొమ్మ అర్థం కానిది!

తలుపు బిగుసుకుంటే నీరేం చేస్తుందో తెలుసు.
వెనక్కి ఎగదన్ని
తను తడపాల్సిన చేనునే ముంచుతుంది.
అన్నాన్ని అరిగించాల్సిన రసం
నన్ను అరిగించుకుంటూ కూచుంది
పదమూడేళ్ళు.

మొదటి నొప్పి కాలవలు కట్టేసిన ఎండాకాలంలో.
రావులపాలెంలో మూడు సెలైన్లు. తగ్గింది.
మళ్ళీ దాళ్వా కోతలప్పుడు. తగ్గింది.
తగ్గిందన్న ప్రతిసారీ ఓ క్వార్టరు,
లంకపొగాకు చుట్ట ఓటి ఎక్కువ.
మోకాళ్ళు కడుపులో దూర్చుకుని
లాకుగట్టు మీద ముడుచుక్కూచోడం అలవాటయింది.
మా నాగరత్నం గ్యాసంది.
నాకూ గ్యాసంటేనే బాగుంది.

"వాపుకీ ఈ గడ్డకీ ఏంటమ్మా సంబంధం?"
పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది.
"దెబ్బ తగిలిన ప్రతిసారీ కొత్త కణాలు పుట్టి పూడ్చాలండి.
పూడ్చి పూడ్చి, ఎక్కడో ఒకటి తప్పు పుట్టింది.
అందరికీ ఇలా అవదు. చాలామందికి అవదు."
మీకయింది, అన్న మాట
ఆవిడ అన్లేదు.

ఎనభయ్యారు వరదకి నాకు పదహారేళ్ళు.
రాత్రి గండి పడితే ఊరు ఊరంతా
ఇసక బస్తాలు, తాటిదుంగలు, గడ్డిమోపులు,
ఎవడి మంచమో కూడా అందులో వేసేశాం.
వరద తీసింది.
టీ తాగి ఎవరి దారిన వాళ్ళు పోయారు.
నాలోవాళ్ళే పోలేదు.
వరద తీసిందని వాళ్ళకెవరు చెబుతారు?
తీసిందెక్కడ, నేనే కదా
సాయంత్రం సాయంత్రం తలుపులెత్తాను.
వాళ్ళు మట్టి మోస్తూనే ఉన్నారు,
మెత్తటి ఒండ్రునేల మచ్చ కట్టి
కాలవలో రాళ్ళు పేరి,
మోసేవాళ్ళలో ఒకడికి ఆపడం మర్చిపోయేదాకా.

కాకినాడలో ఆపరేషన్ కుదురుతుందో లేదో
బుధవారం చెబుతారు.
ఈలోగా కొత్త లస్కరు నూకరాజుకి
తలుపుల చక్రాలకి గ్రీజు పెట్టడం చూపించాను.
గట్టు వెనక తడి కనపడితే
చెప్పుకాలుతో కాదు, ఉత్తికాలుతో తొక్కి చూడమన్నాను.
చల్లగా తగిలితే బుంగ మొదలైనట్టే,
వేలు దూరేంతే కదాని
ఇంటికి పోకురా, అన్నాను.

అలాగే బాబాయ్, అన్నాడు
ఫోనులోంచి తలెత్తకుండా.