నాలుగో కాలు

తిరుచానూరు రోడ్డులో మూడో అంతస్తు.
లిఫ్టు ఇంకా పెట్టలేదు.
ఉలి సంచి భుజానేసుకోని ఎక్కినా.

గోడంతా సున్నం తెలుపు.
బంగారు చట్రంలో రసం ఊడిపోయిన అద్దం,
మనిషిని సగమే చూపిస్తాది, మిగతాదంతా మచ్చలు.
దాని ముందర స్టీలు దీపం,
చేపకోసం వంగిన కొంగ మాదిరి.
చేతుల్లేని సోఫా, పచ్చి పసుపుకొమ్ము విరిచిన రంగు.
కిందుండేది ఏదీ దాచుకోలేని గాజు బల్ల.
"పాత ఇటలీ, కొత్త ఇటలీ
ఒకే గదిలో మాట్లాడుకోవాల" అనింది హిమజ మేడం.
నాకైతే రెండూ
పెళ్లిచూపుల్లో మొగమాటపడతా ఉన్నట్టే ఉండాయి.

నన్ను పిలిచింది వాటిని చూడను కాదు.
గోడకానుకోని ఒక చెక్క బల్ల, పైన పాలరాయి.
వయసు నూట ఎనభై అంట.
ఓడలో వస్తా ఒక కాలు పోగొట్టుకొనింది.
ఆ కాలి జాగాలో
ప్రస్తుతానికి రెండు సిమెంటు ఇటుకలు.

"మాధవమాలలో చేస్తారని చెప్పినారు."
చేస్తాం తల్లీ.
సింహం పాదమే కదా,
మా తాత కాలం నుంచి దేవుడి పీఠాలకు చెక్కేది అదే.
ఇటలీలో పుట్టినా గోళ్లు గోళ్లే.

కొయ్య ఏది?
మేడం వాల్‌నట్ అనింది.
దీపాలు బిగించే తౌఫిక్ ఎర్రచందనం అన్నాడు.
ఒరే నాయనా, ఒక కాలికోసం
నా రెండు కాళ్లూ స్టేషన్లో పెట్టమంటావా?
దిరిశెన చాలు. నూనె పట్టిస్తే అదే రంగు.

బోర్లా పండుకోని టార్చి వేసి చూసినా.
కాళ్లు మూడు. చెక్కిన మనుషులు ఇద్దరు.
ముందరివి రెండూ ఒకాయన పని:
తొందర లేని చెయ్యి, కూలి బాగా దొరికిన చెయ్యి.
వెనకది వేరే.
ఆకు ఈనెలు ఎదురు దిక్కుకు పారినాయి,
ఉలి ఆగిన చోటల్లా చిన్న తోక,
ఒక చోట జారితే మైనం పూసి మూసినారు.
ఎడంచేతి వాటం మనిషి.
వెనకది కదా, ఎవురు చూస్తారులే అని
వాళ్ల మేస్త్రీ ఇచ్చుంటాడు.
విరిగిపోయింది కూడా వెనక కాలే.

నా దగ్గర రెడ్డెమ్మ ఉండాది.
నాలుగేండ్లుగా ఉప్పుకాగితం రుద్దతా ఉండాది.
ఉలి పడితే ఎడం చెయ్యే ముందుకొస్తాది.
దేవుడి మొగం ఎడం చేత్తో చెక్కిస్తావా ఆచారీ అని
ఒకాయన అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాడు.
ఆ దినం నేను ఆయన్ని ఏమీ అన్లేదు.
ఆ యమ్మితో కూడా ఏమీ అన్లేదు.
ఉప్పుకాగితం నంబరు మాత్రం మార్చి ఇచ్చినా.

కాలు ఆ యమ్మికిచ్చినా.
ఆరు దినాలు.
జారిన చోటు వచ్చినప్పుడు నా పక్క చూసింది.
"ఇది కూడా దించాల్నా?"
"నీకు జారితే జారనీ. కావాలని జారొద్దు."
జారలేదు.

మేడం వచ్చి చూసి, శానా కొత్తగా ఉంది అనింది.
అది మెచ్చుకోలు కాదని మాకు తెలిసేలోపల
పాతగా చెయ్యమనింది.
టీ డికాషన్ పూసినాం, కరక్కాయ నీళ్లు పూసినాం,
సైకిలు చైనుతో రెండేట్లు వేసినాం.
పురుగు తిన్న బెజ్జాలు కూడా పెట్టండి అంటే
రెడ్డెమ్మ తలెత్తింది.
"అది పురుగు పని మేడం. కూలి దానికే ఇయ్యండి."

ప్రారంభం సాయంత్రం జనం
కొంగ దీపం కింద ఫోటోలు దిగినారు.
పసుపు సోఫా మాసిపోతాదని అంచున కూర్చున్నారు.
ఒక పెద్దాయన పాలరాతిని తట్టి
మా ఇంట్లో బాత్రూం దాకా ఇదే అన్నాడు.
వెనక కాలు గోడ పక్క, నీడలో.
గాజు బల్ల మీద పడిన వెలుతురు మాత్రం
కిందకి జారి, గోడను తట్టి,
నాలుగు గోళ్ల మీద కాసేపు నిలబడింది.
రెడ్డెమ్మ చూసిందో లేదో.
బాదం వాసనొచ్చే ఏదో ఇటలీ మిఠాయి
కాగితంలో చుట్టుకుంటా ఉండాది, తమ్ముడికంట.

బల్ల పది దినాలకే బెంగుళూరు పోయింది.
ఆ రెండు ఇటుకలు అడిగి తెచ్చుకున్నా,
వజ్రం కాచే పొయ్యికి.

నిన్న పుత్తూరు నుంచి ఆర్డరు:
నరసింహస్వామి, మూడడుగులు, పీఠంతో.
ఉప్పుకాగితం చించతా ఉంటే ఆపినా.
పీఠం పాదాలు నాలుగూ నువ్వే అన్నా.
"ఎవురైనా అడిగితే?"
ఇటలీ పని అని చెప్తా.
నవ్వింది.
మొగం ఎవురు చెక్కేదో అడగలేదు.
నేనూ ఇంకా అనుకోలేదు.