పావు తిప్పు

ఎలాదియో తాత అడిగాడు,
ఎదురుగా కాఫీ చల్లారిపోతుంటే:
"వారానికొకటి రాస్తే
మన కొట్టు పైకొస్తుందా, రాదా?
ఒక్క మాటలో చెప్పు."

నాది ఒక్క మాటలో చెప్పే వృత్తి కాదు.
ఓరెన్సేలో, పాత వంతెన పక్కన,
రెండో అంతస్తులో కూర్చుని
వెతికేవాళ్ళకీ దొరకాల్సినవాళ్ళకీ నడుమ
దళారీ పని చేస్తాను.
"రావచ్చు" అన్నాను.
"రావచ్చుకి ఎంత తీసుకుంటావు?" అన్నాడు.
నవ్వలేదు.

ఆయన తండ్రి రోజుల్లో సంగతి వేరు.
సాన చక్రం దొర్లించుకుంటూ కొండ దిగి
ఊరి మొదట్లో ఆగి
చిఫ్రె పిల్లనగోవి పెదవికి ఆనించేవాడట.
కింది నుంచి పైకి, పై నుంచి కిందికి
ఒక్క ఊపిరిలో జారే స్వరం.
కిటికీలు తెరుచుకునేవి.
సానవాడి ఈల వినబడితే వాన తప్పదని అక్కడ నమ్మకం;
ఆరేసిన బట్టలు ఒక చంకలో,
మొద్దుబారిన కత్తులు ఒక చేతిలో
ఆడవాళ్ళు గబగబా మెట్లు దిగేవారట.
అప్పుడు ర్యాంకు అంటే
గాలి ఎటు వీస్తోందన్నదే.

మూడు నెలలు నేను చెప్పినట్టే రాశాడు.
మనవరాలు సబేలా టైపు చేసింది.
ఓరెన్సేలో కత్తుల సాన,
ఓరెన్సేలో మంచి కత్తుల సాన,
కత్తుల సానకు ఓరెన్సే.
ఒకే మాటని పదిసార్లు నూరితే
మాటకి పదును రాదు, అరిగిపోతుంది.
ఆయనకది తెలుసు, రాయి మీద బతికినవాడు.
నాకే తెలియదు.
పన్నెండు సోమవారాలు
చెవిటివాడి ముందు శంఖం ఊది
నలభై ఒకటో స్థానం నుంచి
నలభై మూడుకి చేరాం.

విసిగిపోయి సబేలా ఒక రాత్రి
"మనం చెప్పేది సరే,
జనం ఏం అడుగుతున్నారో చూద్దాం" అంది.
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
అడిగినవాళ్ళకి మాత్రం మేం ఏం పెట్టాం?

కర్బల్లీన్యో సంతలో ఆక్టోపస్ ఉడికించి అమ్మే ఎవరో
తెల్లవారుజామున రెండింటికి అడిగి ఉన్నారు:
"నా కత్తెర కోయడం లేదు, నములుతోంది. ఎందుకు?"

తాత ఆ వాక్యం రెండుసార్లు చదివించుకున్నాడు.
చేతులు తుడుచుకుని చెప్పాడు:
"పదును పోలేదమ్మా, నడిమి మర వదులైంది.
కత్తెరని దీపానికెదురుగా ఎత్తి చూడు.
రెండు రెక్కల మధ్య వెలుగు గీత కనబడితే
మరని పావు తిప్పు బిగించు. పావే, అర కాదు.
తడిగుడ్డ కోసి చూసుకో.
నా దగ్గరికి రానక్కర్లేదు.
డబ్బు దండగ."

చివరి రెండు వాక్యాలూ తీసేయమన్నాను.
తీయలేదు.

ఏప్రిల్‌లో ఏడు. జూన్‌లో మూడు.
ఆగస్టు పండగ నాటికి
ఆ ఒక్క జవాబే అన్నిటికన్నా పైన.
దర్జీలు, తోటమాలులు, గొర్రెల బొచ్చు కత్తిరించే ఒక ముసలాయన
పావు తిప్పు తిప్పుకుని
ఎవరి దారిన వాళ్ళు పోయారు.
ఒక్కరూ కొట్టుకి రాలేదు.
కొట్టు మాత్రం,
కొక్కేనికి తగులుకున్న గుడ్డలా
ఆ జవాబు వెనకే పైకి ఈడ్చుకొచ్చింది:
పదకొండో స్థానం.
మాపైన ఉన్న పదిమందిలో
నలుగురివి పెద్ద దుకాణాలు,
ఒకాయన పోయి రెండేళ్ళయింది.

"చూశారా, పనిచేసింది" అన్నాను.
"ఏది?" అన్నాడు.
రాయడమా, ఆ పావు తిప్పా,
రావద్దని చెప్పడమా.
నా దగ్గరున్న పటాలూ గీతలూ
అంతవరకు చెప్పవు.

ఇప్పుడు ఆదివారం రాత్రుళ్ళు
సబేలా ప్రశ్నలు చదువుతుంది, ఆయన వింటాడు.
మొన్న వచ్చినది:
"నాన్న పోయాడు. ఆయన కత్తి
ఆయన చేతివాటానికి ఒకవైపే అరిగి ఉంది.
సాన పట్టించనా, అలాగే ఉంచనా?"

తాత పెడలు మీంచి కాలు తీశాడు.
చక్రం చాలాసేపు దానంతటదే తిరిగింది.

ఈ సోమవారం ఏమీ రాయలేదు.
రెండు మెట్లు దిగాం.
ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.
గోడకున్న చిఫ్రె దించి
దుమ్ము పోవడానికని ఊదితే
అది కాస్తా మోగింది.
సబేలా లేచి
ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్ళింది.