రెండింటి ముగ్గు

మా వీధిలో అందరికన్నా ముందు ముగ్గు
పడేది మా వాకిట్లోనే.
అందరికన్నా ఆఖర్న లేచేదాన్నీ నేనే.
ఈ రెండు మాటలూ ఒకచోట చేర్చి చూసినవాళ్లు
ఊరు మొత్తంమీద ఇద్దరే.

పాలకొల్లు ఆసుపత్రిలో కరెంటు పోయిన రాత్రి పుట్టాను.
వార్డులో పిల్లలంతా గుక్కపట్టారట.
నేను మాత్రం కళ్లు విప్పార్చి చీకట్లోకి చూశానట,
అక్కడెవరో తెలిసినవాళ్లున్నట్టు.

బళ్లో మొదటి పీరియడు లెక్కలు.
అందుకే నాకు లెక్కలు రాలేదు.
రాత్రి పదకొండుకి బుద్ధిగా వరసలో నిలబడిన అంకెలు
పొద్దున్న నల్లబల్ల మీద
బోదెలో చేపపిల్లల్లా చెదిరిపోయేవి.

పెళ్లయి నరసాపురం దగ్గర ఈ ఊరొచ్చాక
మొదటి వారమే మా అత్త మంగాయమ్మ అంది:
"బారెడు పొద్దెక్కినా లేవకపోతే
లచ్చిందేవి గుమ్మందాకా వచ్చి తిరిగెళ్లిపోద్దే."
మరి అర్ధరాత్రి వచ్చి తలుపు తడితే
తీసేదెవరని అడుగుదామనుకున్నాను.
అడగలేదు.

నాలుగు నెలలు నాలుగున్నరకే లేచాను.
పాలు పొంగబెట్టాను.
పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను.
ఓసారి కల్లాపి బకెట్టు
పేపరు కుర్రాడి మీద గుమ్మరించాను.
లేచింది ఒళ్లే.
నేను పదింటికే లేచేదాన్ని,
నిలబడే.

ఐదో నెలలో ఒక రాత్రి
లేసు అల్లుతూ అల్లుతూ తలెత్తితే రెండయింది.
ఏజెంటుకి ఇంకా ఆరు పువ్వులు బాకీ.
బుర్ర మాత్రం తోమిన కంచంలా ఉంది.
చప్పుడు కాకుండా గడియ తీసి
పేడనీళ్లు చల్లి
పదమూడు చుక్కల మెలికల ముగ్గు వేశాను.
ఒక్క గీతా తప్పలేదు.
కాళ్లు కడుక్కుని పడుకున్నాను.

మర్నాడు వీధంతా ఒకటే మాట:
"మంగాయమ్మ కోడలు కోడికన్నా ముందు లేస్తోందమ్మా!"
అత్త ఔననలేదు. కాదనలేదు.

రాత్రిపూట ఈ ఊరు వేరు.
చెరువుల్లో ఏరేటర్లు తిరుగుతుంటే
ఎక్కడో వాన పడుతూనే ఉన్నట్టుంటుంది,
ఒక్క చుక్కా మనమీద రాలదు.
మూడింటికి నీళ్లలో ఊపిరి తగ్గుతుందట,
రొయ్య పైకి తేలుతుందట.
అప్పుడు గట్టుమీద టార్చి పట్టుకుని
ఏసుపాదం నడుస్తుంటాడు.
పదెకరాల ప్రాణం అతని రెండు కళ్లమీద.
మధ్యాహ్నం అతను పాకలో పడుకుంటే
దారినపోయేవాళ్లు సోమరిపోతంటారు.
వశిష్ఠలోకి పోటు రోజుకో వేళకి వస్తుంది,
దాన్నెవరూ ఏమీ అనరు.

ఓసారి ముగ్గు దగ్గర సైకిలాపి అడిగాడు:
"ఇంకా పడుకోలేదేటండీ?"
"లేదండి. మీరో?"
"మాకిదే పగలండి."
అంతే. మళ్లీ మాట్లాడుకున్నది లేదు.
కానీ మా వాకిలి వచ్చేసరికి
ఇప్పటికీ సైకిలు దిగి
గీతల అంచునుంచి నడిపించుకెళ్తాడు.

మొన్న చలికాలం
ముగ్గుబుట్టతో వంగి ఉండగా
వెనక అరుగుమీద దగ్గు వినబడింది.
అత్త. దుప్పటి కప్పుకుని.
ఎప్పట్నించి కూర్చుందో.

"ఆ మూల చుక్క తప్పింది," అంది.
చూశాను. నిజమే, తప్పింది.
"రోజూ గడియ చప్పుడు వింటూనే ఉన్నాన్లే," అంది.
కాసేపాగి, ఏరేటర్ల వైపు చూస్తూ:
"నాకూ నిద్రొచ్చేది కాదే నీ వయసులో.
నలభై ఏళ్లు
పడుకున్నట్టు పడుకున్నాను."

ఏమనాలో తెలీలేదు.
ముగ్గుబుట్ట ఇచ్చాను.
మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగి
ఒక్క మెలిక తిప్పింది.
వేళ్లు వణికి వంకరపోయింది.
చెరపబోతే చెయ్యి పట్టుకుంది.

తెల్లారాక ఎదురింటి సుభద్రాంబ
ఇదేం కొత్త ముగ్గమ్మా అని
బుగ్గన వేలేసుకునే ఉంటుంది.
మేం చూడలేదు.
ఇద్దరం నిద్రపోతున్నాం.